తాతగారి వెబ్లీ: గొట్టం మూయించి ఇంట్లో పెట్టుకోవాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

వాసు (బొబ్బిలి దగ్గర పల్లె)
అందరికీ నమస్కారం. మా తాతగారు మొన్న మాఘంలో కాలం చేశారు. ఆయన పేరున వెబ్లీ రివాల్వర్ ఒకటి ఉంది, లైసెన్సు ఉన్నదే. .455 బోరు (గొట్టం లోపలి కొలత), ఆరంగుళాల గొట్టం, నడిమికి విరిచి గుళ్ళు పెట్టే రకం, పిడి అడుగున తాడు కట్టుకునే రింగు. మార్క్ 6 అని తాతగారు చెప్పేవారు. దినాలు అయిన మర్నాడే స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకున్నాం. లైసెన్సు తన పేరుకి మార్పించుకుంటానని మా పెదనాన్నగారి అబ్బాయి పట్టుబట్టాడు. పేలకుండా చేయించి అద్దాల పెట్టెలో పెడదామని నేనంటాను. పాత ఫొటో ఒకటి పెడుతున్నాను. ఏం చెయ్యమంటారు?

పాతఇనుము (విజయనగరం)
ముందు ఒక మాట. అది మార్క్ 6 కాదు. పిడి చూడండి, అడుగున చిలకముక్కులా వంపు తిరిగి ఉంది. 1887 నాటి మార్క్ 1 నుంచి 1913 నాటి మార్క్ 5 దాకా పిడి అలాగే ఉంటుంది. 1915లో వచ్చిన మార్క్ 6కి పిడి అడుగు నలుచదరంగా, కోసినట్టు ఉంటుంది. ఆరంగుళాల గొట్టం చూసి మీ తాతగారు పొరబడి ఉంటారు. మార్క్ 5 మామూలుగా నాలుగంగుళాలే, ఆరంగుళాలవి తక్కువ. మొదటి యుద్ధంలో రిపేరుకొచ్చిన పాతవాటికి పొడుగు గొట్టాలు బిగించి మళ్ళీ పంపినవీ ఉన్నాయి. మార్క్ 4, మార్క్ 5 పక్కపక్కన పెడితే చాలామంది పోల్చుకోలేరు. పొగరాని మందు తూటాల కోసం మార్క్ 5కి సిలిండర్ కొంచెం లావు చేశారు, తేడా అక్కడే ఉంది. ఫ్రేము మీద, సిలిండర్ మీద నెంబర్లు కలుస్తున్నాయా? నెంబరు ఇక్కడ రాయకండి, కలిసిందో లేదో చెప్పండి చాలు.

సిక్కోలు సీను
ఐదైతే ఏటి, ఆరైతే ఏటి బావూ? ఆయన అడిగినది అది కాదు కదా.

ప్లీడరు గుమాస్తా
వాసుగారూ, .455 ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు జనానికి నిషేధించిన కొలత. కలెక్టరేట్లో తేలే పని కాదు, ఫైలు ఢిల్లీ హోంశాఖ దాకా వెళ్ళాలి. మామూలు జనానికి దొరికేది .32. కాన్పూరు ఫ్యాక్టరీ రివాల్వర్ అదే, అదీ వెబ్లీ మార్క్ 4 (.455ది కాదు, .38ది) వంశానిదే. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. మీ అన్నగారి దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయో అడగండి. ఇక ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ఉంది. కాలం చెల్లిన నమూనాది గానీ, పురాతన విలువ ఉన్నది గానీ, పాడైపోయినది గానీ, బాగుచేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిదైతే దానికి చట్టం వర్తించదు. మీ దారి అదే. అయితే ఆ పని అనుమతి తీసుకుని చేయించాలి, ఊళ్ళో వెల్డింగ్ షాపులో కాదు.

పాతఇనుము
గుమాస్తాగారూ, ఆ సెక్షన్ మీరు తప్పు చదువుతున్నారు. ‘పనికిరానిది’ అన్న మాట పాడైపోయినదానికే చెందుతుంది. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. 1913 మోడల్ అని తేలితే ఆ గొట్టంలో కడ్డీ దింపి అతకడం పాపం. అందుకే మార్కు ముందు తేలాలంటున్నాను.

ప్లీడరు గుమాస్తా
ఆ మాట మూడింటికీ చెందుతుంది. పురావస్తువైనంత మాత్రాన పేలడం మానదు కదండీ. 1913లో ఆ మోడల్ మొదలైంది, ఆయన చేతిలోది ఏ ఏట తయారైందో మీకెలా తెలుసు? మీ మాట నమ్మి ఎవరైనా లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే జైలుకి మీరెళ్తారా?

పాతఇనుము
లైసెన్సు లేకుండా పెట్టుకోమని నేనెక్కడన్నాను? పై పోస్టు మళ్ళీ చదవండి. నెంబర్లు చూడమన్నాను, అంతే.

టెక్కలి బుల్లోడు
నెంబర్లు, నెంబర్లు! ఈ మాస్టారు ఏ చర్చలో చూసినా ఇదే పాట.

పాతఇనుము
ఔను తమ్ముడూ, ఇదే పాట. ఎందుకో చెప్తాను విను. మా నాన్నగారికి వెబ్లీ మార్క్ 4, .38ది ఉండేది. ప్రతి ఆదివారం నూనె గుడ్డతో తుడిచేవారు, సిలిండర్ తిప్పి ఆ చప్పుడు నాకు వినిపించేవారు. ఎన్నికలొచ్చాయి, అందరిలాగే డిపాజిట్ చేశారు. తిరిగొచ్చినప్పుడు ఫ్రేము మాదే, సిలిండర్ మాది కాదు. నెంబరు వేరు. ఇచ్చిన చోట అడిగితే ‘పాతది కదా, మీరే మార్పించి ఉంటారు’ అన్నారు. కాగితం మీద నెంబరు రాయించుకోలేదు కాబట్టి నాన్నగారు ఏమీ అనలేకపోయారు. ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళలో ఒక్కనాడు కూడా దాన్ని చేత్తో ముట్టుకోలేదు. మీకది ఇనపముక్క. నాకు అది మా నాన్న.

సిక్కోలు సీను
అయ్యో. తెలీక అన్నాను మాస్టారూ.

కొండగాలి (సీతంపేట)
మూడు రోజులుగా చదువుతున్నాను. పిడి వంపు, గొట్టం పొడుగు, సెక్షన్ 45. మన జిల్లాల్లో ఆ తుపాకులు ఎవరిళ్ళల్లో ఉండేవి, ఎవరికేసి చూపేవారు, ఒక్కరైనా అడిగారా? 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ళని లేవిడి దగ్గర ఆపి కాల్చారు. కోరన్న, మంగన్న చచ్చిపోయారు. కాల్చినవి పోలీసు తుపాకులు కావు, ఆసాముల తుపాకులు. అద్దాల పెట్టెలో పెట్టి పక్కన ఏమని రాస్తారు వాసుగారూ? ‘తాతగారి జ్ఞాపకం’ అనా?

వాసు
మా తాతని హంతకుడంటున్నారా? ఆయన జీవితంలో ఒక్క గుండు కాల్చలేదు. మీకు మా ఇల్లు తెలుసా, మా మనుషులు తెలుసా? ఎక్కడో జరిగినది తెచ్చి మా గుమ్మంలో పడేస్తున్నారు.

కొండగాలి
హంతకుడని నేననలేదు. కాల్చలేదన్నారు, నమ్ముతాను. మా నాయనమ్మ షావుకారి లోగిట్లో పసుపు, చింతపండు తూచి ఇచ్చేది. ఆ బల్ల మీద తుపాకీ ఉండేదట. అది పేలుతుందా లేదా అని మావాళ్ళెవరూ ఎప్పుడూ అడగలేదు. బల్ల మీద ఉంటే చాలు, తూకం ఎంతంటే అంతే. మీరు గొట్టం మూయించినా, తెరిచి ఉంచినా మాకు తేడా లేదు.

టెక్కలి బుల్లోడు
రాజకీయాలొద్దు, తుపాకుల గురించి మాట్లాడుకుందాం.

కొండగాలి
తుపాకీ గురించే మాట్లాడుతున్నాను.

వాసు
రాత్రంతా నిద్ర పట్టలేదు. నిన్న కోపంలో రాశాను, తీసెయ్యను, ఉండనివ్వండి. ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. కోతలయ్యాక కౌలుదార్లు లెక్కలకి వచ్చేవారు. ఆ రోజు తాతగారు పెట్టె తీసి రివాల్వర్ బల్ల మీద పెట్టేవారు. తుడవడానికి అనేవారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. వాళ్ళు ఆయన మొహం చూసేవారు కాదు, బల్ల చూసేవారు. మా అన్నకి లైసెన్సు కావలసింది ఎందుకో నాకు తెలుసు. ‘ఆ రోజుల్లో మనమంటే ఉండే మర్యాద’ అంటాడు. గొట్టం మూయించాలన్నది నేను అందుకే. ఇక అది ఎవరి బల్ల మీదా ఉండకూడదు.

పాతఇనుము
వాసూ, నీ బాధ అర్థమైంది. అయినా గొట్టం మూయించొద్దనే అంటాను. కడ్డీ దింపి అతికేస్తే రేపు చూసేవాళ్ళకి బొమ్మలా కనిపిస్తుంది. కిలో పైన బరువు, వేలంత లావు తూటా, ఆరు గదులు. ఆ కౌలుదార్లు బల్లకేసి ఎందుకు చూశారో తెలియాలంటే అది అలాగే ఉండాలి. ప్రభుత్వ మ్యూజియం తీసుకుంటుందేమో అడిగి, కౌలుదార్ల సంగతీ రాసిచ్చెయ్యి.

కొండగాలి
మాస్టారు చెప్పిన దాంట్లో చివరి మాటకి ఒప్పుకుంటాను. రాసిచ్చేటప్పుడు కౌలుదార్ల పేర్లు కూడా రాయండి. తాతగారి పేరు ఒక్కటే కాదు.

వాసు
పేర్లు మా అమ్మకి తెలుసు. నలుగురైదుగురివి చెప్పగలదు.
ఇంకో సంగతి. ఇవాళ స్టేషన్‌కెళ్ళి, వాళ్ళ ఎదురుగానే చూశాను. మాస్టారూ, పిడి మీరన్నట్టే చిలకముక్కే. గొట్టం పక్కన రెండు బాణం గుర్తులు మొనలు ఎదురెదురుగా ఉన్నాయి. ఫ్రేము నెంబరూ సిలిండర్ నెంబరూ కలవలేదు.

పాతఇనుము
ఆ బాణాల జంట సైన్యం అమ్మేసిన సరుకుకి వేసే ముద్ర. సిలిండర్ సైన్యంలోనే మారిందో, తర్వాత మారిందో చెప్పలేం. తాతగారి లైసెన్సు పుస్తకంలో ఏ నెంబరుంది? స్టేషన్ రసీదులో ఏ నెంబరు రాశారు?

వాసు
లైసెన్సు పుస్తకంలో ఫ్రేము నెంబరు ఒక్కటే ఉంది. రసీదులో నెంబరే లేదు మాస్టారూ. ‘పాత రివాల్వర్ 1’ అని రాసి ఉంది.

పాతఇనుము
రేపు పొద్దున్నే బయల్దేరు. నేనూ వస్తాను.