దక్షిణాఫ్రికా మెడికల్ సీట్లలో జాతి కోటా: మనవాళ్ళకు అన్యాయమా, పాత లెక్క సరిచెయ్యడమా?

జోబర్గ్_బాబు
నేను జొహానెస్‌బర్గ్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా పక్కింటివాళ్ళు నైడూలు, అంటే మన నాయుళ్ళే, ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడటం రాదు గానీ ఉగాదికి పచ్చడి మాత్రం మానరు. వాళ్ళమ్మాయికి మెట్రిక్‌లో (ఇక్కడ అది పన్నెండో తరగతి) ఆరు డిస్టింక్షన్లు, అంటే ఆరు సబ్జెక్టుల్లో 80 శాతం పైన. అయినా ఓ మెడికల్ కాలేజీ సీటు ఇవ్వలేదు. అదే క్లాసులో ఇంకా తక్కువ మార్కులొచ్చిన నల్లజాతి అమ్మాయికి ఇచ్చారు. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఒకే వ్యాను, ఆ రెండో పిల్ల తండ్రికి మా వీధిలోకల్లా పెద్ద కారు. అపార్థైడ్, అంటే జాతి వివక్ష పాలన, 1994లో పోయింది, ఈ పిల్లలు పుట్టింది 2006లో. కోటా వద్దనట్లేదు, రంగు చూసి కాదు, ఇంటి ఆదాయం చూసి ఇవ్వమంటున్నా. పైగా ఈ నైడూల తాతలు కూడా బాధితులే కదా?

నల్లరేగడి
బాధితులే, ఎవరు కాదన్నారు. కానీ అందరికీ ఒకే మోతాదులో దెబ్బ పడలేదు. 1953 బంటూ ఎడ్యుకేషన్ చట్టం ఆఫ్రికన్ పిల్లల కోసమే ప్రత్యేకంగా చేశారు, కూలిపనికి సరిపడా చదువు చాలని. ఒక దశలో తెల్ల పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు నల్ల పిల్లవాడి మీద పెట్టినదానికి పది రెట్లకు పైనే. భారతీయుల బడులు మధ్యలో ఎక్కడో ఉండేవి. అది ముప్పై ఏళ్ళలో మాసిపోతుందా? లెక్కల టీచరే లేని బడిలో చదివిన తల్లి తన కూతురికి ఇంట్లో లెక్కలెలా చెబుతుంది? ఒక పెద్ద కారు చూపించి మొత్తం విధానాన్ని కొట్టేయడం మనూళ్ళో కూడా రోజూ వినే మాటే. "మా ఆఫీసులో ఫలానా ఆయనకి రెండు బంగళాలు, ఇంకా రిజర్వేషనా" అని.

కోర్టుపక్షి
బాబు గారూ, ఈ కేసు మీ పక్కింట్లో మొదలవ్వలేదు. 1995లో సరిగ్గా ఇదే జరిగింది. ఐదు సబ్జెక్టుల్లో 'ఎ' గ్రేడ్ వచ్చిన భారతీయ సంతతి అమ్మాయికి నాటాల్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో సీటు రాలేదు, ఎందుకంటే భారతీయులకు 40 సీట్లే అని పరిమితి పెట్టారు. తల్లిదండ్రులు డర్బన్ కోర్టుకెళ్ళారు, మేమూ వివక్ష అనుభవించినవాళ్ళమే అన్నారు. కోర్టు దాన్ని కాదనలేదు, కానీ ఆఫ్రికన్ పిల్లలకు జరిగిన నష్టం అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఈ తేడా చూపించడం అన్యాయం కాదంది. 1996 రాజ్యాంగం 9వ సెక్షన్ కూడా అంతే, గత వివక్ష వల్ల వెనకబడినవాళ్ళ కోసం చేసే ఏర్పాట్లు సమానత్వంలో భాగమే అంటుంది. మన ఎస్సీ వర్గీకరణ మీద 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుందా? వెనకబడినవాళ్ళలోనూ ఇంకా వెనకబడినవాళ్ళుంటారన్నదే అక్కడా విషయం.

గోదారిగట్టు
వర్గీకరణతో పోలిక సగమే కుదురుతుంది. ఒక ముఖ్యమైన తేడా అందరూ దాటేస్తున్నారు. ఇప్పుడు క్వాజులు నాటాల్ యూనివర్సిటీ అంటున్న దాంట్లోని (2004లో నాటాల్, డర్బన్-వెస్ట్‌విల్ యూనివర్సిటీలు కలిసి ఏర్పడింది) మెడికల్ కోటా గురించి పత్రికల్లో వచ్చిన లెక్క ఇది: ఆఫ్రికన్లు 69 శాతం, భారతీయులు 19, కలర్డ్ అంటే మిశ్రమ జాతివాళ్ళు 9, తెల్లవాళ్ళు 2, ఇతరులు 1. మొత్తం కలిపితే వంద. అంటే ఓపెన్ కేటగిరీ అన్నదే లేదు! మన దగ్గర ఎస్సీ పిల్లాడికి మంచి ర్యాంకొస్తే ఓపెన్‌లో వెళ్తాడు, రిజర్వేషన్ అతనికి కనీస హామీ మాత్రమే. అక్కడ ప్రతి జాతికీ పైన గీత గీశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాలు కూడా అందులో ఉన్నప్పుడు, కమ్యూనల్ జీవో ఇలాగే ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతరులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవులకు 1, ముస్లింలకు 1. 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మొదటి రాజ్యాంగ సవరణ రావడానికి అదీ ఒక ముఖ్య కారణం. నా అభ్యంతరం కోటా మీద కాదు, అన్ని సీట్లనీ డబ్బాలుగా కట్టెయ్యడం మీద.

నల్లరేగడి
ఆ 19 మళ్ళీ ఒకసారి చూడండి. దేశ జనాభాలో భారతీయులు 3 శాతం కూడా లేరు.

గోదారిగట్టు
డర్బన్‌లో ఆరో వంతు ఉన్నారు మరి.

డర్బన్_ఆంధ్రా
నేను డర్బన్ పక్కన భారతీయులు ఎక్కువుండే ఫీనిక్స్ దగ్గర్లో ఉంటాను, కాస్త నెమ్మదిగా మాట్లాడుకుందాం. 1949లో ఇక్కడ ఆఫ్రికన్లకూ భారతీయులకూ జరిగిన గొడవల్లో 142 మంది పోయారు. 2021 జులైలో లూటీల టైములో ఒక్క ఫీనిక్స్‌లోనే 30 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. ఇంటి ముందు కూర్చుని "వాళ్ళు మన సీటు తీసుకున్నారు" అంటే అవతలివాళ్ళు "మీ షాపులు ఎవరి డబ్బుతో పెరిగాయి" అంటారు. ఇదే మెడికల్ స్కూల్ 1951లో మొదలైనప్పుడు ఆఫ్రికన్, ఇండియన్, కలర్డ్ పిల్లలు ఒకే బెంచీల మీద చదివారు. అపార్థైడ్ మీద పోరాడిన నాయకుడు స్టీవ్ బికో అక్కడి విద్యార్థే, నల్లవాళ్ళు అన్న మాటలో ఆయన ఈ ముగ్గురినీ కలిపే చెప్పేవాడు. ఆ ముగ్గురినీ ఇప్పుడు శాతాల దగ్గర కొట్టుకునేలా చేశారు, నాకు అదే బాధ.

స్టెతస్కోప్
డాక్టరుగా ఒక మాట. మెడికల్ సీటు పిల్లలకిచ్చే బహుమతి కాదు, రేపు పేషెంటు ముందు ఎవరు కూర్చుంటారన్నది కూడా చూడాలి. నేను ఉట్నూరు వైపు పనిచేసినప్పుడు గోండి రాక, కడుపునొప్పి ఎక్కడో తెలుసుకోడానికే అరగంట పట్టేది. క్వాజులు నాటాల్ పల్లెల్లో అక్కడి జులూ భాష రాని డాక్టరుదీ అదే పరిస్థితి. ఆ యూనివర్సిటీ 2014 నుంచి జులూ కోర్సు తప్పనిసరి చేసిందంటే ఊరికే కాదు. కాకపోతే జులూ నేర్చుకున్న నైడూ పిల్లకు కూడా ఆ మేరకు విలువ ఇవ్వాలి, అది నిజం.

జోబర్గ్_బాబు
1995 కేసు నాకు తెలీదు, కోర్టుపక్షి గారికి థ్యాంక్స్. పెద్ద కారు సంగతి చెప్పి నేను తొందరపడ్డానేమో, ఒప్పుకుంటా. కానీ ఆదాయం చూడటం కుదరని పనేం కాదు. ఫీజులకు వ్యతిరేకంగా విద్యార్థులు చేసిన ఉద్యమం తర్వాత 2017 డిసెంబర్‌లో ఏడాదికి 3,50,000 రాండ్ల లోపు ఆదాయమున్న ఇళ్ళ పిల్లలకు యూనివర్సిటీ చదువు ఉచితమన్నారు. ఫీజుకి పనికొచ్చిన లెక్క సీటుకి ఎందుకు పనికిరాదు? కేప్‌టౌన్ యూనివర్సిటీ కూడా 2014లో జాతి ఒక్కటే కాకుండా బడి, ఇంటి పరిస్థితి చూసేలా పద్ధతి మార్చుకుంది. మనుషుల్ని జాతులుగా నమోదు చేసే చట్టాన్ని 1991లోనే రద్దు చేశారు, అప్లికేషన్‌లో మాత్రం ఆ నాలుగు జాతుల గళ్ళూ అలాగే ఉన్నాయి. పక్కింటమ్మాయి ఫిజియోథెరపీలో చేరింది, రెండో ఏడాది మళ్ళీ అప్లై చేస్తానంటోంది. ఆ రెండో పిల్ల సీటు మీద నాకిక కోపం లేదు గానీ, గోదారిగట్టు గారు చెప్పిన పైగీత మాట మాత్రం వదలను.