నవలలో ముగ్గురు కథ చెప్తున్నారు, ముగ్గురి గొంతూ ఒక్కటే అయిపోతోంది

ప్రశ్న:
ఇంటి పెద్దాయన చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాక జరిగే కథ. భార్య, కొడుకు, కోడలు అధ్యాయానికొకరు చొప్పున 'నేను' అంటూ చెప్తారు. పైన పేరు తీసేస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలీట్లేదు అంది చదివిన ఫ్రెండ్. మొత్తం థర్డ్ పర్సన్‌లోకి మార్చేయనా? నాకైతే 'నేను' వదులుకోవాలని లేదు, ఎందుకంటే ముగ్గురూ తలా ఒక విషయం దాస్తున్నారు.

జవాబు 1:
దాస్తున్నారంటే 'నేను' ఉండాల్సిందేనండి, వదలకండి. కానీ వంతులవారీగా ఎందుకు? ఏ సీన్‌లో ఎవరికి ఎక్కువ నష్టమో ఆ సీన్ వాళ్ళ చేత చెప్పించండి. అమెరికన్ రచయిత ఫాక్‌నర్ నవల 'యాజ్ ఐ లే డయింగ్' (1930) చూడండి, 59 భాగాలు 15 మంది చెప్తారు, అందులో డార్ల్ అనే కొడుకుకే 19, కథంతా ఎవరి శవపేటిక చుట్టూ తిరుగుతుందో ఆ తల్లికి ఒక్కటంటే ఒక్కటే, అయినా మిగతావాళ్ళ మాటలన్నీ ఆ ఒక్కదాంతో వేరేగా అర్థమవుతాయి.

జవాబు 2:
గొంతు సంగతికొస్తే మన భాషే సగం పని చేసిపెడుతుంది. పెద్దాయన భార్యకి 'ఆయన', కొడుక్కి 'నాన్న', కోడలికి 'మామయ్యగారు'. క్రియలు కూడా గమనించండి, ఎప్పుడూ 'నాన్న వెళ్ళారు' అనే కొడుకు ఒక పేజీలో 'వెళ్ళిపోయాడు' అన్నాడంటే కోపం వచ్చిందని విడిగా రాయక్కర్లేదు. ఇంకోటి, గదిలోకి వెళ్ళగానే ఎవరి కన్ను దేనిమీద పడుతుందో అది కూడా మనిషిని బట్టి మారాలి, భార్యకి అక్కడ లేని ఆయన చెప్పుల జత గుర్తొస్తే కోడలికి తాళం వేసిన బీరువా కనబడొచ్చు. యాస ఒక్కటి మార్చి ఊరుకుంటే నాలుగు పేజీలకే విసుగొస్తుంది.

జవాబు 3:
ఒకే రాత్రిని ముగ్గురి చేతా చెప్పించే ఆలోచన ఉంటే జాగ్రత్త. జపాన్ రచయిత అకుతాగవ 1922 కథ 'ఇన్ ఎ గ్రోవ్'లో (కురొసావా సినిమా 'రషోమాన్' కథకి మూలం ఇదే) ఒకరి సాక్ష్యం ఇంకొకరి దాన్ని కొట్టేస్తుంది, అందుకే ఒకే హత్య గురించి మళ్ళీ మళ్ళీ విన్నా బోర్ కొట్టదు. రెండోసారి చెప్పింది మొదటిదాన్ని అనుమానించేలా చెయ్యకపోతే తీసేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, వంతులు ఆపేస్తున్నా. ఒక్క డౌట్, 'నేను' అని చెప్తూనే దాస్తే పాఠకుడిని మోసం చేసినట్టు కాదా?

జవాబు 1:
అబద్ధం చెప్పిస్తే మోసం. ఆ విషయం దగ్గరికి రాగానే మాట మార్చేస్తే కాదు. ఏదో ఉత్తరం గురించి మొదలెట్టిన భార్య సగంలో ఆపి తలుపు గడియ సంగతి ఎత్తుకుందనుకోండి, నిజం తెలిశాక పాఠకుడు పేజీలు వెనక్కి తిప్పితే ఆ తడబాటు అక్కడే దొరకాలి.