ఎల్డెన్ రింగ్: లేండెల్‌లో రాడగాన్ విగ్రహం దగ్గర ఇరుక్కుపోయా, అసలు వీడెవడు? (స్పాయిలర్లు ఉన్నాయి)

బూడిదరాజు:
అందరికీ నమస్తే. గేమ్ 2022లోనే కొన్నా కానీ మార్గిట్ అనే బాస్ చేతిలో తన్నులు తిని పక్కన పడేసి, మళ్ళీ ఈ మధ్యే మొదలుపెట్టి ఎలాగోలా రాజధాని లేండెల్ దాకా వచ్చా. వాగబాండ్ క్లాస్, పెద్ద కత్తి, బలం తప్ప బుర్ర లేని బిల్డ్, ఇంటెలిజెన్స్ ఇప్పటికీ మొదట్లో ఇచ్చిన 9 దగ్గరే ఉంది.

ఎర్డ్‌ట్రీ సాంక్చువరీ దాటాక రాడగాన్ విగ్రహం ఒకటి పెద్దది ఉంది కదా, దాని ముందు నేల మీద ఒక మెసేజ్, రిగ్రెషన్ ఒక్కటే రహస్యాలు బయటపెడుతుంది అని. విగ్రహాన్ని కొట్టా, దొర్లా, నా దగ్గరున్న గెస్చర్లన్నీ వేశా, చుట్టూ ప్రదక్షిణం కూడా చేశా, ఏమీ అవ్వలేదు. అటు చూస్తే గోల్డ్‌మాస్క్ అనే పండితుడు నోరు విప్పడు, వేలు ఊపుతూ నిలబడతాడు, పక్కన అతని శిష్యుడు కోరిన్ ఏదో రాసుకుంటూ ఉంటాడు.

ఇంకో డౌట్. మలేనియా, మికెల్లా అనే కవలలు ఇద్దరూ "ఒకే దేవుడి" పిల్లలు అని మలేనియా రిమెంబరెన్స్ అనే వస్తువు డిస్క్రిప్షన్‌లో ఉంది. అమ్మ రాణి మరికా, నాన్న రాడగాన్ అని అందరూ అంటుంటే ఒకే దేవుడు ఏంటి, తప్పు పడిందా?

గుండ్రాయి_సోర్సరర్:
తప్పు కాదు బ్రో, నువ్వు అడిగిన రెండో ప్రశ్నే మొదటిదానికి జవాబు 😄

ముందు పని సంగతి. లా ఆఫ్ రిగ్రెషన్ అని ఒక ఇన్‌కాంటేషన్ (మంత్రం) ఉంది, ఆ మెసేజ్ దగ్గర నిలబడి అది వెయ్యాలి, అంతే. దానికి గోల్డెన్ ఆర్డర్ ప్రిన్సిపియా అనే పుస్తకం కావాలి, అది ఆ సాంక్చువరీలోనే పైన వేలాడే కుర్చీలో ఉంటుంది, కొమ్మ పట్టుకుని ఎక్కాలి. తెచ్చి కోరిన్‌కైనా ఇవ్వు, లియూర్నియాలో చర్చ్ ఆఫ్ వౌస్ తాబేలు మిరియెల్‌కైనా ఇవ్వు. చిక్కల్లా ఏంటంటే ఇంటెలిజెన్స్ 37 కావాలి. ఇన్‌కాంటేషన్ కదా ఫెయిత్ (భక్తి) పాయింట్లు అడుగుతుంది అనుకుంటారు, ఇది ఫెయిత్ అడగనే అడగదు, మంత్రాలు వేసే సాధనం సీల్ పట్టుకోవడానికి సరిపడా ఉంటే చాలు. నీ 9కి టాలిస్మన్లు, టోపీలు ఎన్ని తగిలించినా లాగలేవు. లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి పట్టుకుని మాంత్రిక రాణి రెన్నాలా దగ్గరకెళ్ళి రీస్పెక్ చేసుకో, అంటే పాయింట్లన్నీ మళ్ళీ పంచుకో.

అన్నిటికన్నా ముఖ్యం, ఫారమ్ అజూలా ఏరియాలో మలికెత్ అనే బాస్‌ని కొట్టకముందే చేసెయ్. ఆ తర్వాత లేండెల్ బూడిదైపోతుంది, విగ్రహం ఉండదు, గోల్డ్‌మాస్క్ ఎండింగ్ కూడా పోతుంది. నాకు మొదటి ప్లేత్రూలో అలాగే పోయింది, వంద గంటలు ఆడి అది పోగొట్టుకోవడం ఎంత మంటగా ఉంటుందో చెప్పలేను.

కారియా_కోడలు:
పైన అన్న పద్ధతి చెప్పేశారు, నాకు ఈ పజిల్ ఎందుకంత ఇష్టమో నేను చెప్తా. ఇక్కడినుంచి పూర్తి స్పాయిలర్, ముందు అది చేసొచ్చాక చదువు తమ్ముడూ.

ఆ మంత్రం వేస్తే విగ్రహం మారిపోయి మరికా అవుతుంది. రాడగానే మరికా. అందుకే ఒకే దేవుడి పిల్లలు. ఒక్కరిలోంచి పుట్టారు కాబట్టే శాపాలు కూడా పుట్టుకతో వచ్చాయి, ఒకరికి ఎప్పటికీ చిన్నపిల్లాడిగానే ఉండిపోవడం, ఇంకొకరికి ఒంట్లో కుళ్ళు.

ఇక్కడ ఇంకా బావున్నదేంటంటే తాళంచెవి కూడా కథలోదే. గోల్డెన్ ఆర్డర్ ఫండమెంటలిజం అనే అక్కడి మతంలో రెండు సూత్రాలు ఉంటాయి, కాజాలిటీ అంటే ఒకదాన్నుంచి ఇంకోటి గొలుసులా ముడిపడి ఉండడం, రిగ్రెషన్ అంటే అన్నీ చివరికి ఒక్కటవ్వాలని లాగుతుండడం. ఆటలో ఆ మంత్రం చేసే పని జబ్బులు పోగొట్టడం, ఒంటిమీదున్న ఎఫెక్టులన్నీ తీసేయడం. అంటే పైన కప్పినవన్నీ తీసేస్తే మిగిలేది ఏంటి అని అడిగే మంత్రాన్ని రాడగాన్ మీద వేస్తున్నాం, మిగిలింది మరికా. పైగా ఈ సూత్రాలు వాడి మతంవే, వాడి గుట్టు వాడి సిద్ధాంతంతోనే రట్టయింది. స్టార్మ్‌వెయిల్‌లో దొరికే మిమిక్స్ వెయిల్ డిస్క్రిప్షన్ ఒకసారి తీసి చూడు, దాని ముద్దుపేరు మరికాస్ మిస్చిఫ్, వేషాలు మార్చే వస్తువుకి ఈమె పేరు. అన్నీ మొదటినుంచీ మన బ్యాగ్‌లోనే ఉన్నాయి, మనమే చదవం.

మిరియెల్‌తో మాట్లాడుతూ ఉంటే కూడా చెప్తాడు, రాడగాన్ తన పెళ్ళాం రెన్నాలాని ఎందుకు వదిలేశాడో, మామూలు యోధుడు ఎల్డెన్ లార్డ్ (రాజు) ఎలా అయ్యాడో అంతుబట్టదని, రాజధానిలో విగ్రహం వెనక ఏదో ఉందని. పుస్తకం ఇచ్చి వచ్చేస్తారు అందరూ, మాట వినరు పాపం. రాడగాన్, రెన్నాలా పెళ్ళి జరిగింది ఆ తాబేలు ఉండే చర్చిలోనే.

వరంగల్_టార్నిష్డ్:
అరె ఇది మన డబుల్ రోల్ సినిమానే గద మామా 😂 ఇద్దరు ఎక్కడన్న ఒక్క ఫ్రేముల కనవడుతరా చూడు. నేనైతే అర్ధనారీశ్వరుడు అనుకున్న చూడంగనే, సగం ఆయన సగం ఆమె, ఒక్కటే ఒళ్ళు. ఈ గేమ్ తీసిన జపనోళ్ళకు మన పురాణాలు తెల్వదా ఏంది, మననుంచే తీస్కున్నరు.

గుండ్రాయి_సోర్సరర్:
ప్రతిదీ మననుంచే అంటే ఎలా మామా. పోలిక బానే ఉంది కానీ అర్ధనారీశ్వరుడిలో గొడవ లేదు, ఆ ఇద్దరూ కలిసి ఉండడమే అక్కడ అర్థం. ఇక్కడ అట్లా కాదు. ఒకే సుత్తి, దాంతోనే మరికా ఆ లోకాన్ని నడిపే ఎల్డెన్ రింగ్‌ని పగలగొట్టింది, దాంతోనే రాడగాన్ అతకడానికి చూశాడు, సుత్తి డిస్క్రిప్షన్‌లో రెండూ ఉన్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు అంటారే అది.

నాకైతే యూరప్ ఆల్కెమీ దగ్గరగా అనిపిస్తుంది. వాళ్ళ పాత బొమ్మల్లో రెబిస్ అని ఉంటుంది, ఒకే ఒంటికి మగ తల ఒకటి ఆడ తల ఒకటి. ఎర్ర రాజుకీ తెల్ల రాణికీ పెళ్ళి చేసి ఇద్దర్నీ ఒకటి చెయ్యడం, ఆ పనంతా చివరికి బంగారం కోసం. ఇప్పుడు గేమ్ చూడు, రాడగాన్ ఎర్ర జుట్టు, మరికా బంగారు జుట్టు, పైన బంగారు చెట్టు. ఎవరూ అధికారికంగా చెప్పలేదులే, నా ఊహే, కానీ రంగులు మాత్రం ఊరికే పెట్టలేదు. ఫైర్ జెయింట్లందరిదీ ఎర్ర జుట్టే, రాడగాన్‌కి తన జుట్టంటే అసహ్యం అని జెయింట్స్ రెడ్ బ్రెయిడ్ అనే ఆయుధం డిస్క్రిప్షన్‌లో రాశారు.

వరంగల్_టార్నిష్డ్:
సరే ఒప్పుకుంటున్న, గొడవ పాయింట్ కరెక్టే. మరి గిది చెప్పు, మరికా మొదటి రాజు గాడ్‌ఫ్రే పెండ్లాం, రాడగాన్ రెన్నాలా మొగుడు, ఇద్దరు ఒక్కటే అయితే రెండు సంసారాలు ఎట్ల నడిపిన్రు? పొద్దుగాల ఇక్కడ రాత్రి అక్కడనా?

కారియా_కోడలు:
హహ, దీనికి గేమ్ నేరుగా జవాబివ్వదు. క్వీన్స్ బెడ్‌చాంబర్‌లో మనకు తోడుగా వచ్చే మెలీనా మరికా మాటలు వినిపిస్తుంది కదా, అందులో రాడగాన్‌తో నువ్వింకా నేను కాలేదు, నువ్వింకా దేవుడివి కాలేదు, ఇద్దరం పగిలిపోదాం, నా ఇంకో సగమా అన్నట్టుంటుంది. "ఇంకా కాలేదు" అంటే మొదట వేరువేరుగా ఉండి తర్వాత కలిశారని కొందరంటారు, "ఇంకో సగం" అంటే మొదటినుంచీ ఒక్కరే అని ఇంకొందరు. నేను మొదటి బ్యాచ్. గాడ్‌ఫ్రేని దేశం నుంచి గెంటేశాకే రాడగాన్‌ని రాజధానికి పిలిచారు, అప్పుడే ఏదో జరిగిందని నా నమ్మకం. తర్వాత వచ్చిన అదనపు భాగం డీఎల్‌సీలో మికెల్లా తన సగమైన సెయింట్ ట్రీనాని వదిలించుకోవడం చూశాక ఇంకా గట్టిగా అనిపించింది, ఆ ఇంట్లో సగాన్ని కోసి పారెయ్యడం వంశపారంపర్యం.

చీకటి_గువ్వ:
పేర్లు చూశారా ఎవరన్నా, గాడ్‌ఫ్రే గాడ్విన్ జీ, రాడగాన్ రెన్నాలా రాన్నీ రాడాన్ ఆర్, మరికా మలేనియా మికెల్లా ఎమ్. గేమ్ పూర్వకథ రాసిన జార్జ్ ఆర్ ఆర్ మార్టిన్ ఇనిషియల్స్!!

గుండ్రాయి_సోర్సరర్:
మార్టినే కాదన్నాడు గురూ దాన్ని. కానీ అందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. రెన్నాలా పిల్లలు ముగ్గురూ ఆర్. రాడగాన్ రెండో పెళ్ళి పిల్లలు ఇద్దరూ ఎమ్, తండ్రి అక్షరం ఒక్కరికీ రాలేదు. తండ్రి అని వేరే ఎవరూ లేరు కాబట్టి!

బూడిదరాజు:
చేసేశా!!! విగ్రహం మారగానే ఒళ్ళు జలదరించింది, అక్క చెప్పింది ముందే చదివేసినా సరే. గోల్డ్‌మాస్క్‌కి వెళ్ళి చెప్పా, పాపం కోరిన్ మాత్రం బిత్తరపోయాడు. మిరియెల్‌తో కూడా మాటలు అయిపోయేదాకా కూర్చుని విన్నా ఈసారి.

ఒక్కటే సమస్య, ఇంటెలిజెన్స్ 37 పెట్టేసరికి పాయింట్లన్నీ అటు పోయాయి, ఇప్పుడు నా గ్రేట్‌స్వర్డ్ 31 స్ట్రెంత్ అడుగుతోంది, లేపలేకపోతున్నా. గేటు దగ్గర మామూలు సైనికుడు కూడా చంపేస్తున్నాడు. ఇంకో లార్వల్ టియర్ ఎక్కడుంది చెప్పండి ప్లీజ్.

వరంగల్_టార్నిష్డ్:
నోక్రాన్ పో తమ్మీ, అక్కడ ఉంటయ్. ఉరుకుతనే ఉండు, ఎవల్తోని కొట్లాడకు.