పార్కిన్సన్స్ మందుకు ముందు మెదడు స్కాన్ తప్పనిసరి చేయాలా?

గోదావరి_ఆడపడుచు: పార్కిన్సన్స్ (వణుకు జబ్బు)కు ప్రామిపెక్సోల్ అనే మందు మొదలుపెట్టిన ఏడాదిలోపే, జీవితంలో పేక ముట్టని మా నాన్నగారు పేకాటకు బానిసయ్యారు. అమ్మ గాజుల తాకట్టు రసీదు ఆయన కళ్ళజోడు పెట్టెలో, అద్దాలు తుడిచే గుడ్డ కింద నాలుగు మడతలై దొరికింది. ఈ మందుకు ఇలాంటి దుష్ప్రభావం ఉందని మాకెవరూ చెప్పలేదు. చికిత్సకు ముందే తీసిన మెదడు స్కాన్‌లో డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు (డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని తిరిగి కణాల్లోకి చేర్చే ప్రొటీన్లు) మరీ తక్కువగా ఉన్నవారికి తర్వాత ఇలాంటి వ్యసనాలు ఎక్కువగా వచ్చాయని కొన్ని అధ్యయనాలు చూపాయి. మరి ఆ స్కాన్ అందరికీ ఎందుకు తీయరు?

న్యూరాలజీ_పీజీ: మీ బాధ అర్థమైంది మేడమ్. కానీ పార్కిన్సన్స్ ఉన్న దాదాపు అందరిలోనూ ట్రాన్స్‌పోర్టర్లు తగ్గే ఉంటాయి. వ్యసనం వచ్చినవారి సగటు ఇంకాస్త తక్కువని తేలినంత మాత్రాన, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అది వస్తుందో రాదో చెప్పలేము. ఈ ట్రాన్స్‌పోర్టర్లను చూపే డాట్‌స్కాన్‌కు అమెరికాలో 2011లో అనుమతి ఇచ్చింది కూడా రోగ నిర్ధారణలో సాయానికే.

పల్నాటి_రైతు: మా ఊరి నుంచి మామూలు పరీక్షకు పోయిరావడానికే రెండు రోజుల కూలి పోతుంది.

గోదావరి_ఆడపడుచు: సగటు అని తీసిపారేయకండి. 3,090 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రామిపెక్సోల్ జాతి మందులు (డోపమైన్‌లా పనిచేసేవి) వాడే పార్కిన్సన్స్ రోగుల్లో 17.1 శాతం మందికి, వాడనివారిలో 6.9 శాతం మందికి ఇలాంటి వ్యసనాలున్నాయి. అంటే వాడేవారిలో ఆరుగురికి ఒకరు.

న్యూరాలజీ_పీజీ: ఆ అంకెలు స్కాన్ తీసి కాదు, రోగులను ప్రశ్నలు అడిగి రాబట్టినవే. చిన్న వయసు, పొగ అలవాటు, ఇంట్లో జూదం చరిత్ర ఉన్నవారిలో ముప్పు ఎక్కువని అందులోనే తేలింది. అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

గోదావరి_ఆడపడుచు: అడిగితే చెబుతారా? ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, నేను పక్కనుండగానే, డాక్టరు గారితో "అంతా బాగుందండీ" అన్నారు. ఇది ఆయన బుద్ధి కాదు, మందు చేసిన పని అని చూపించే బొమ్మ ఒక్కటి నా చేతిలో ఉంటే, అమ్మ రెండేళ్ళు ఆయనతో మాట మానేసేది కాదు!

న్యూరాలజీ_పీజీ: స్కాన్‌లో ముప్పు తక్కువని వచ్చాక కూడా ఆయనకు పేకాట పట్టుకుని ఉంటే, అమ్మగారు ఆయనను ఇంకెంత నిందించేవారో ఆలోచించండి. మందు తగ్గించాక ఆ కోరిక తగ్గితే, అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?

కాకినాడ_సుబ్బు: చదివేవారికి ఒక మనవి: ఈ మందును ఎవరూ సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. ఆందోళన, దిగులు ముంచుకొస్తాయి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

గోదావరి_ఆడపడుచు: తగ్గించిన మూడు నెలలకు ఆయన పేక మానేశారు, చేతి వణుకు పెరిగింది. ఆ సాక్ష్యాన్ని అమ్మ ఒప్పుకోలేదు డాక్టరు గారూ. డబ్బు అయిపోయింది కాబట్టి మానేశారంటుంది.