తోడేలు మలం నుంచి డీఎన్‌ఏ: ఎలా సేకరించాలి, ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న:
నమస్కారమండి. జంతుశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. నంద్యాల జిల్లా రోళ్లపాడు పరిసరాల్లోని గడ్డిభూముల్లో ఎన్ని తోడేళ్లు ఉన్నాయో వాటిని పట్టకుండా, మత్తు ఇవ్వకుండా, మలం ద్వారానే తెలుసుకోవాలన్నది నా ప్రాజెక్టు. అంత ఎండలో డీఎన్‌ఏ నిలుస్తుందా? ఊరకుక్కల మలంతో కలిసిపోతే ఎలా? మైటోకాండ్రియా (కణంలో శక్తినిచ్చే భాగం, దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది) పరీక్ష ఒక్కటి సరిపోతుందా?

జవాబు:
ముందు అనుమతి సంగతి చూసుకోండి. తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. మలమే కదా అని సంచిలో వేసుకుని వస్తే చిక్కుల్లో పడతారు. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి దరఖాస్తు పెట్టండి. నమూనాలను పరీక్షించే ప్రయోగశాలతో కూడా ముందే మాట్లాడుకోవాలి. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఇలాంటి పని చేస్తుంది.

ఎండ నిజంగానే శత్రువు. అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను ముక్కలు చేస్తాయి, తడి తగిలితే బ్యాక్టీరియా మిగిలిన పని పూర్తి చేస్తుంది. అందుకే బండిబాటలు, గట్ల వెంబడి తెల్లవారుజామునే నడవండి. ఎండి తెల్లబడినవి ఆహారపు అలవాట్ల అధ్యయనానికి పనికొస్తాయి కానీ, ఏ తోడేలుదో తేల్చడానికి పనికిరావు. మీకు కావలసిన కణాలు పేగు గోడ నుంచి రాలి మలం పైపొరకు అంటుకుని ఉంటాయి. కాబట్టి లోపలి వెంట్రుకలు, ఎముక ముక్కలు వదిలేసి పైపొరను మాత్రం గీకి, 95 శాతానికి మించిన ఇథనాల్‌లో వేయండి. నమూనా కొద్దిగా, ఇథనాల్ ధారాళంగా ఉండాలి. ప్రతిసారీ చేతితొడుగు మార్చండి. ఇది నమూనా శుభ్రత కోసమే కాదు: కుక్క జాతి జంతువుల మలంలో మనిషికి సోకే బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు.

మైటోకాండ్రియా ఒక్కటే చాలదు. దానిలోని డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మగకుక్కకు, ఆడతోడేలుకు పుట్టిన పిల్లను పరీక్షిస్తే అచ్చంగా తోడేలు అనే ఫలితం వస్తుంది! ఇది ఊహ కాదు. పుణె దగ్గరి గడ్డిభూముల్లో వింత రంగున్న జంతువులను స్థానిక పరిశీలకులు గమనించగా, అక్కడ కుక్క-తోడేలు సంకరం జరిగిందని జన్యుపరీక్షలో తేలింది. ఆ అధ్యయనం 2023లో వెలువడింది. ఊరకుక్కలు మందల వెంట తిరిగే మన ప్రాంతంలో ఈ అనుమానం ఎప్పుడూ ఉండాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏ గుర్తులు (ఒక్కో జంతువులో తేడాగా ఉండే డీఎన్‌ఏ భాగాలు), మగవాటికి వై క్రోమోజోమ్ గుర్తులు కూడా చూడాల్సిందే.

మరొకరు:
లెక్క దగ్గర ఒక మాట. మలంలో డీఎన్‌ఏ తక్కువ కాబట్టి, ఒక గుర్తుకు ఉండే రెండు ప్రతుల్లో ఒకటి పరీక్షలో కనిపించకుండా పోతుంది. అప్పుడు ఒకే తోడేలు రెండు వేర్వేరు జంతువులుగా నమోదై, లేని తోడేళ్లు పుట్టుకొస్తాయి. ప్రతి నమూనానూ పలుమార్లు పరీక్షించి ఫలితాలు సరిపోల్చండి. గుర్తులు మరీ తక్కువ తీసుకుంటే దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది: గుంపులో అన్నదమ్ములిద్దరూ ఒక్కటిగా కలిసిపోతారు. ఈ పద్ధతి గట్టిగా చేస్తే ఎంత దూరం పోతుందో ఇటలీ చూపించింది. అక్కడ 2020-21లో దేశమంతటా జాడలు, మలం, జన్యుపరీక్షలు కలిపి సుమారు 3,300 తోడేళ్లు ఉన్నాయని అంచనా వేశారు. అందుకు పెద్ద యంత్రాంగం కావలసి వచ్చింది. పీజీ ప్రాజెక్టులో మాత్రం 'కనీసం ఇన్ని' అని చెప్పగలిగితే చాలు.

మళ్లీ అడిగినవారు:
ధన్యవాదాలండి. గొర్రె చనిపోయినప్పుడు కాపరులు కబురు పెడతామంటున్నారు. గాయాల దగ్గర లాలాజలం తీసుకోవచ్చా?

జవాబు:
తీసుకోవచ్చు, వెంటనే వెళ్లగలిగితేనే. కుక్కలు కళేబరాన్ని ముట్టాక నమూనా ఎవరిదో చెప్పలేం. చర్మం కింద రక్తం గడ్డకట్టిన పంటిగాట్లు బతికుండగా పడినవి. వాటి అంచుల దగ్గరే తడిపిన స్వాబ్‌తో తుడవండి. గొర్రె డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటుంది కాబట్టి కుక్క, తోడేలు వంటి కుక్క కుటుంబపు జంతువుల డీఎన్‌ఏకు మాత్రమే స్పందించే ప్రైమర్లు (కావలసిన డీఎన్‌ఏ భాగాన్ని పట్టి నకళ్లు తీయించే చిన్న ముక్కలు) వాడమని ప్రయోగశాలకు చెప్పండి. ఫలితం కుక్క అని వస్తే అది కూడా కాపరికి చెప్పండి. నష్టపరిహారం చిక్కుముడి అయినా, తోడేలు మీద పడిన నింద పోతుంది. చలికాలంలో పిల్లలున్న గుహల దగ్గరికి మాత్రం వెళ్లకండి, అవి ఎక్కడున్నాయో వాట్సాప్ లాంటి గ్రూపుల్లో పంచుకోకండి.