కొన్న 11 రోజులకే కారు ఆగిపోయింది, డీలర్ వెనక్కి తీసుకోనంటున్నాడు

అందరికీ నమస్కారం. గత నెల హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 4 లక్షల 20 వేలకు సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు తీసుకున్నాను. 11వ రోజు అమ్మానాన్నలతో వరంగల్ వెళ్తుంటే, జనగామ దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళ్లి బండి ఆగిపోయింది. మెకానిక్ ఆయిల్ క్యాప్ విప్పి చూపించాడు, లోపలంతా పాల టీ రంగు నురగ. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలిసిందట, ఆ రెండూ కలవకుండా ఆపే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందట. ఇది 11 రోజుల్లో వచ్చింది కాదు, పాత రోగమే అన్నాడు.

డీలర్ మాత్రం "ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నాను" అన్న కాగితం మీద నా సంతకం చూపిస్తున్నాడు. అమ్మేటప్పుడు "ఇంజిన్‌కి నాది పూచీ" అని వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలనుకుంటున్నాను. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదని తెలుసు. ఆ సంతకం వల్ల నా కేసు నిలబడదా? రిపేర్ చేయించేస్తే సాక్ష్యం పోతుందా? ఆర్‌సీ ఇంకా నా పేరుకి మారలేదు, ఇప్పుడు మార్పించుకోవాలా, ఆపాలా? ఈఎంఐ మొదలైంది, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఇలాంటి కేసు నడిపినవాళ్లుంటే దయచేసి చెప్పండి.