వార్డులో పాఠం చెప్పే ఓపిక తగ్గిపోతోంది: దీన్ని ఎలా నిలుపుకోవాలి?

ప్రశ్న (అసోసియేట్ ప్రొఫెసర్, జనరల్ మెడిసిన్):
నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో పనిచేస్తున్నాను. ఉదయం ఓపీ, ఆ తరువాత రౌండ్లు, మధ్యాహ్నం ఎం.బి.బి.ఎస్. తరగతులు, సాయంత్రం విద్యార్థులు తమ శిక్షణను నమోదు చేసే లాగ్‌బుక్కులలో సంతకాలు, పీజీల (పోస్ట్‌గ్రాడ్యుయేట్ వైద్య విద్యార్థుల) థీసిస్‌లు. 2019లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక చిన్న బృందాలుగా బోధించమన్నారు. ఆలోచన మంచిదే కాని, బృందాలు పెరిగినంతగా మా విభాగంలో బోధకులు పెరగలేదు.

గత వారం ప్లీహం (స్ప్లీన్) పెరిగిన ఒక పెద్దాయన దగ్గర ఒక విద్యార్థి నేరుగా ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, తగలడం లేదన్నాడు. కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టి, రోగి ఊపిరి పీల్చిన ప్రతిసారీ చేతిని ఏటవాలుగా పైకి జరుపుకుంటూ రావాలని, అతని చేతిమీద నా చెయ్యి వేసి చూపించవలసినవాణ్ణి, "స్కాన్‌లో ఉంది, రాసుకో" అని ముందుకు వెళ్ళిపోయాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు. దీన్ని నా సోమరితనం అనుకోవాలా?

జవాబు 1 (విశ్రాంత ప్రొఫెసర్):
డాక్టర్ గారూ, అది సోమరితనం కాదు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ బర్నౌట్‌ను వ్యాధిగా కాక, చక్కదిద్దకుండా వదిలేసిన దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా చెబుతుంది. సత్తువ ఉడిగిపోవడం, పనిమీద మనసు విరగడం, చేతకావడం లేదన్న భావన దాని లక్షణాలు. నన్ను ఎక్కువగా భయపెట్టేది రెండవది, ఎందుకంటే అది విద్యార్థులకు అంటుకుంటుంది. మనం రోగిని పేరుతో కాక, మంచం నంబరుతో, జబ్బుపడిన అవయవంతో "ఆరో నంబరు లివర్" అని పిలిస్తే, రోగితో ఎలా మాట్లాడాలో తరగతిలో ఎన్ని గంటలు చెప్పినా వాళ్ళు నేర్చుకునేది ఆ పిలుపునే. మా యూనిట్‌లో ఓపీ లేని రోజున ఒకే రోగిని ఎంచుకుని, ఫోన్లు డ్యూటీ పీజీకి అప్పగించి, 20 నిమిషాలు అక్కడే నిలబడేవాళ్ళం. అంతకు మించి నేను నిలుపుకోలేకపోయాను.

జవాబు 2 (పీజీ, రెండవ సంవత్సరం):
సర్, మేము మీ ముఖం చూసి సందేహం అడగాలో వద్దో నిర్ణయించుకుంటాం. అడగలేనిది రాత్రి 2 గంటలకు సీనియర్ దగ్గర నేర్చుకుంటాం. ఆయన తప్పుగా నేర్చుకున్నది ఉంటే అదీ మాకు వస్తుంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం పీజీల పని వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేసింది. మాకు అది ఎంతో అవసరం, కాని మనుషులను పెంచకుండా గంటలు తగ్గిస్తే మిగిలిన పని మీ భుజాలమీదే పడుతుందని నా భయం.

జవాబు 3 (విభాగాధిపతి):
2023 సెప్టెంబరు 15న తెలంగాణలో 9, ఆంధ్రప్రదేశ్‌లో 5 ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒకేరోజు ప్రారంభమయ్యాయి. జిల్లాలకు అది పెద్ద మేలు. అయితే భవనం రెండేళ్ళలో లేస్తుంది, బోధకుడు తయారవడానికి పదేళ్ళు పైనే పడుతుంది. మీ విభాగంలో ముందుగా కాగితాల పనికి ఒక డేటా ఎంట్రీ ఉద్యోగిని అడగండి, వినతిపత్రంలో వారానికి ఎన్ని బోధన గంటలు పోతున్నాయో లెక్క కట్టి రాయండి. మాకు రెండవసారి అడిగినప్పుడు ఇచ్చారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉన్నారు, మరొకసారి చూడటానికి ఒప్పుకున్నారు. రేపు ఓపీకి ముందు, 8 గంటలకు, ఆ విద్యార్థిని రమ్మన్నాను.